డ్రాయరులో ఉన్న సెన్సర్

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి పక్కగదిలోకి వెళ్లిపోయే మనిషిని నేను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. అంతు చిక్కనిది ఏదైనా ఎదురైతే, నాకింకా అర్థం కాలేదనుకుంటానే తప్ప దాని వెనక ఎవరో ఉన్నారని ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడూ అనుకోవడం లేదు. అయినా ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ సిగ్గుకి కారణం వేరు.

మేముండేది మధురవాడలో. నేనూ, నా భార్య తమ్ముడు సన్యాసిరావూ కలిసి ఒక పాత టెంపో ట్రావెలర్ కొని క్యాంపర్ వ్యాన్‌గా మార్పించుకున్నాం. తనది ఎలమంచిలి, పోర్టులో పని. వ్యాన్ వెనక పరుపులు, చిన్న వంటగట్టు, గట్టు కింద రెండు చిన్న గ్యాస్ సిలిండర్లు. ఒక్కో సిలిండర్ అడుగున అయస్కాంతంతో అంటుకునే సెన్సర్ తెప్పించి పెట్టాను. లోపల గ్యాస్ ఎంత ఉందో వైరు లేకుండా ఫోన్‌కి చెబుతుంది. తగ్గిపోతుంటే మోగుతుంది. వ్యాన్‌కి కాస్త దూరం వెళ్తే మాత్రం సిగ్నల్ అందదు.

ఈ సంగతి జరగడానికి ముందే రెండో సిలిండర్ సెన్సర్ పాడైపోయింది. సిలిండర్ మారుస్తుంటే ఊడి కిందపడింది. నేను చూసుకోకుండా బండి వెనక్కి తీశాను, చక్రం కింద నలిగింది. దాని బిళ్ల బ్యాటరీ పీకేసి, పగిలిన డబ్బాని ఇంట్లో నా టేబుల్ డ్రాయరులో పడేశాను. కొత్తది కొనొచ్చులే అనుకున్నాను. కొనలేదు.

ఒక ఆదివారం భీమిలి దాటాక సరుగుడు తోటల పక్కన వ్యాన్ ఆపుకున్నాం. నేను, నా భార్య, సన్యాసిరావు, అతని భార్య లలిత, వాళ్ల అయిదు నెలల బాబు. భోజనాలయ్యాక లలిత బాబుని పడుకోబెట్టుకుని వ్యాన్‌లోనే ఉండిపోయింది. గాలికి ఇసుక కొడుతోందని అద్దాలన్నీ మూసుకుంది. ఆమెకి బాగా జలుబు. నా భార్య ఒడ్డున గవ్వలు ఏరుకుంటోంది. నేనూ సన్యాసిరావూ చేపల కోసం పడవలు ఆగేచోటికి నడిచాం. అక్కడికి వ్యాన్ కనిపించదు కూడా.

సన్యాసిరావు వంజరం బేరం చేస్తుండగా నా ఫోన్ మోగింది. రెండో సిలిండర్ తగ్గిపోతోందని చూపిస్తోంది. యాప్ పిచ్చిపట్టిందనుకుని నొక్కి ఆపేశాను. కాసేపటికి మళ్లీ మోగింది. సగంలో ఉన్న గీత ఇంకా కిందికి దిగింది. మళ్లీ ఆపేశాను. చేపలమ్మే ఆవిడ కూడా తలెత్తి చూసింది.

మూడోసారి మోగేసరికి సన్యాసిరావు చేపలు వదిలేసి నా దగ్గరికొచ్చాడు.

"ఏటి బావ అది, అలా మోగతంది?"

సెన్సరే లేని సిలిండర్‌కి లెక్క చెబుతోందని నవ్వాను. తను నవ్వలేదు. ఫోన్ తీసుకుని చూసి, ఓసారి వెళ్లి చూద్దామన్నాడు. నాకు కాస్త ఉక్రోషం వచ్చింది. పద, సిలిండర్ అడుగున ఏమీ లేదని చూపిస్తానన్నాను. నేను వ్యాన్ దగ్గరికి నడిచింది అందుకే. ఇంకెందుకూ కాదు.

తలుపు తీయగానే గ్యాస్ వాసన ముఖానికి కొట్టింది. లలిత గట్టు ముందు నిలబడి ఉంది. స్టవ్ మీద బాబు పాలగిన్నె, చేతిలో లైటర్. ముక్కు దిబ్బడేసి ఆమెకి ఏమీ తెలియలేదు. సన్యాసిరావు నన్ను తోసుకుని లోపలికెళ్లి, ఆమె చేతిలోంచి లైటర్ తీసుకుని, "లలితా, ఏటీ ముట్టుకోకు, దిగు" అన్నాడు మెల్లగా. బాబుని ఎత్తుకుని ఇద్దరూ దిగారు. అప్పుడు నేను వెళ్లి సిలిండర్ వాల్వ్ కట్టేశాను. రెండోదాని పైపు రేకు అంచుకి ఒరుసుకుని చీలి ఉంది. అడుగున చెయ్యి పెట్టి చూశాను. సెన్సర్ లేదు.

అప్పటికి ఫోన్‌లో గీత పావువంతు దగ్గర ఆగింది. ఇంటికొచ్చి ఆ సిలిండర్ తూచాను. పావువంతే మిగిలింది.

డ్రాయరు తెరిస్తే పగిలిన సెన్సర్ అలాగే ఉంది, పక్కన బ్యాటరీ. కొత్త బ్యాటరీ వేసి చూశాను, బతకలేదు. మొదటి సిలిండర్ లెక్కే రెండోదాని పేరుతో వచ్చిందేమోనని చూశాను. అది నిండుగా ఉంది. పైగా అంత దూరం ఏ సెన్సర్ సిగ్నలూ అందదు. తర్వాత చాలాసార్లు ఆ పడవల దగ్గరికెళ్లి పరీక్షించాను. ఒక్కసారీ అందలేదు.

ఇక్కడితో ఆపేస్తే ఇది ఒక వింత మాత్రమే. కానీ ఎలమంచిలిలో బాబు అన్నప్రాశన నాడు లలిత వాళ్ల అమ్మగారు, బాబు సొంత మేనమామ అక్కడే ఉన్నా, మొదటి ముద్ద నా చేత్తో పెట్టించాలని పట్టుబట్టారు. నేను అప్రమత్తంగా ఉండబట్టే తల్లీబిడ్డా దక్కారని అందరికీ చెప్పారు. లలిత వంగి నా కాళ్లకి దణ్ణం పెట్టింది. "అన్నయ్యా, మీరు రాకపోతే..." అని బాబుని నా ఒళ్లో వేసింది. నేను నిజం చెప్పలేదు. పరమాన్నం వేలితో తీసి బాబు నోట్లో పెట్టాను. వెంటనే మొహం తిప్పేసుకున్నాను. ఆనందంతో కళ్లు చెమర్చాయనుకున్నారు.

భోజనాలయ్యాక పెరట్లో చేతులు కడుక్కుంటుంటే సన్యాసిరావు చెంబుతో నీళ్లు పోస్తూ అన్నాడు.

"నువ్వు రెండుసార్లు నొక్కీసినావు బావ. నాను సూసినాను. ఎవలికీ సెప్పనేదు, సెప్పను కూడా."

తువ్వాలు నా భుజం మీద వేసి లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా మధ్య ఆ మాట రాలేదు. ఇప్పటికీ నన్ను బావా అనే పిలుస్తాడు, పండక్కి బట్టలు పెడతాడు, బాబుని నా ఒళ్లో వేస్తాడు.

బ్యాటరీ లేని ఆ ముక్క ఎలా పలికిందో నాకు తెలియదు. నాకు తెలిసిన చదువంతా దాని ముందు పెట్టి చూశాను. అది పలికిన మొదటి రెండుసార్లూ దాని నోరు నొక్కింది నేనే అన్నది మాత్రం తెలుసు. బాబు ఇప్పుడు "మామా" అని రెండు చేతులూ చాచి నా మీదికి వస్తుంటే, ఎత్తుకుంటాను గానీ వాడి మొహంలోకి చూడలేను.