గెంటకూడని కారు

నా చిన్నప్పుడు బరంపురం గోసాని నువాగాంలో, మా ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఒక నల్ల కారు ఉండేది. లక్ష్మీపూజ నాడు ఇంటికి వచ్చిందని నాయనమ్మ దాన్ని లచ్చిమి అనే పిలిచేది. ఎండాకాలంలో తాళం తిప్పగానే పలికేది గాని, మార్గశిరం మంచులో దానికి మహా బద్ధకం. స్టీరింగు పక్కన చోక్ అనే చిన్న గుండీ ఉండేది. అది బయటికి లాగితే గాలి తగ్గి, పెట్రోలు చిక్కగా అంది, చల్లబడ్డ ఇంజను లేచేది. ఎంత లాగాలో, ఎప్పుడు లోపలికి తోసెయ్యాలో మా తాతయ్య చేతికే తెలుసు.

ఒక మార్గశిర గురువారం పక్కింటి అక్కకు ఛత్రపురంలో టీచరు ట్రైనింగు ప్రవేశ పరీక్ష. తండ్రి లేని పిల్ల. ఆ సీటు వస్తేనే ఆ ఇంటికి ఆధారం. పొద్దున్నే బస్సుకు పోతానంటే మా చిన్నాన్నే ఆపాడు, కారుండగా బస్సెందుకని. బస్సు వెళ్లిపోయాక చిన్నాన్న తాళం తిప్పాడు. కారు రెండుసార్లు మూలిగి ఊరుకుంది.

చిన్నాన్న చోక్ పూర్తిగా లాగి, యాక్సిలరేటరు టపటపా తొక్కుతూ మళ్లీ మళ్లీ తిప్పాడు. వాకిలంతా పెట్రోలు వాసన. వీధిలోకి తోస్తే అదే అందుకుంటుందని ఎదురింటివాళ్లిద్దరు వచ్చి చొక్కా చేతులు మడిచారు. నాయనమ్మ గుమ్మం దిగి కారుకు అడ్డంగా నిలబడింది. మార్గశిర గురువారమంటే మాకు లక్ష్మివారం, అమ్మవారు ఇంటికొచ్చే రోజు; ఆ పూట మా ఇళ్లలో చెత్తయినా బయటికి ఊడ్చరు. గేటు నుంచి గుమ్మం దాకా బియ్యప్పిండితో అమ్మవారి పాదాలు లోపలికి నడిచొస్తున్నట్టు వేసి ఉన్నాయి.

“అమ్మవారు లోనికొస్తన్న పూట లచ్చిమిని బయటికి గెంటుతారేటి? దానంతటది ఎల్తే ఎల్లనీ.”

“పిల్ల పరీచ్చ పోతాదే అమ్మా.”

“పోకండా సూడు మరి. బస్సు మాన్పించింది నువ్వే కదేటి.”

చిన్నాన్న ముఖం కందిపోయింది. ఇంకా గట్టిగా తొక్కాడు. అక్క పరీక్ష అట్టను గుండెకు హత్తుకుని తల వంచుకుంది.

అప్పుడు తాతయ్య మఫ్లరు సర్దుకుంటూ వచ్చి, ఒక్కసారి గాలి పీల్చి చూశాడు. చిన్నాన్నకు చివాట్లు ఖాయమనుకున్నాను. “పెసాదం తినకండా మీ అమ్మ ఎవుల్నీ గడప దాటనివ్వదు. రా, తినేసొద్దాం. నువ్వూ రామ్మా” అన్నాడు, అంతే. ప్రసాదం కాదనలేక చిన్నాన్న దిగాడు. అందరూ లోపలికి వెళ్తుంటే తాతయ్య వెనకబడి, బానెట్ ఎత్తి అలాగే వదిలేశాడు.

ప్రసాదం మండా పిఠాలు, ఆవిరి మీద ఉడికిన బియ్యప్పిండి కుడుములు, లోపల కొబ్బరీ బెల్లం. తాతయ్య అన్నీ నిదానంగా తిన్నాడు. మరొకటి అడిగి వేయించుకున్నాడు. పరీక్షలో ఏమేం వస్తాయో చెప్పమన్నాడు. చెబుతూ చెబుతూ అక్క కారు సంగతే మరిచిపోయింది. టైమైపోతోందని నేను ఆయన చెవిలో గొణిగితే, ఆయనా అంత మెల్లగానే చెప్పాడు: “దానికిప్పుడు సలి కాదు అమ్మలూ. పెట్రోలు ఎక్కువై మునిగిపోనాది. కాసేపు ఒగ్గీస్తే ఆరతాది. ఆ మాట అందరి ముందూ సెప్తే మీ సిన్నాన్నా మునిగిపోతాడు.”

పావుగంటయ్యాక తాతయ్యే డ్రైవరు సీట్లో కూర్చుంటాడనుకున్నాం. ఆయన బానెట్ దించి, తాళం చిన్నాన్న చేతికే ఇచ్చి పక్కన కూర్చున్నాడు.

“సోకు లోనికి తోసీ. కాలు కిందికంటా అదిమి అలాగుంచు, ఊపకు. తిప్పు ఇప్పుడు.”

కారు దగ్గింది. నల్లటి పొగ కక్కింది. అందుకుంది. మళ్లీ ముందుకొచ్చి నిలబడ్డ నాయనమ్మ పక్కకు తప్పుకుని దండం పెట్టింది. “సూసేవా, నీ సేతికే పలికింది” అన్నాడు తాతయ్య, అందరికీ వినబడేలా.

పరీక్ష కేంద్రం గేటు మూయకముందే అక్క చేరింది. సీటూ వచ్చింది. చాలా ఏళ్లు పాత్రపూర్ బడిలో పాఠాలు చెప్పింది. చిన్నాన్న ఆ తర్వాత ఏ చలికాలమూ ఇంజనును ముంచలేదు.

ఇంజను ఆరడానికి పావుగంట ఎలాగూ కావాలి. ఆ పావుగంటలో ఒక మనిషి తలదించుకోకుండా చూడటమే తాతయ్య చేసిన అసలు పని అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నా ఇంట్లో ఎవరైనా పని చెడగొట్టినప్పుడు ఇప్పటికీ ముందు నోటిదాకా వచ్చేది చివాటే. దాన్ని మింగి, కాస్త ఆగి, ఆ పనిని మళ్లీ ఆ చేతికే అప్పగిస్తాను. ప్రతిసారీ కుదురుతుందని చెప్పను. ఎక్కువసార్లు కుదిరింది.