అక్క మాట మీద కట్టిన డబ్బు

ఉప్పల్‌లో మా గల్లీలో ఎవరింట్లో పెళ్లి కుదిరినా ముందు మా అక్కకే చెప్పేవారు. బావ నాచారంలో ఒక ఫ్యాక్టరీలో వెల్డరు. అక్క కిరాయి మిషన్ మీద జాకెట్లు కుట్టేది. నాన్న పోయాక నేనూ వాళ్లింట్లోనే ఉండేదాన్ని. అక్క మాట తప్పదని పేరు. ఆ పేరే ఆమె కొంప ముంచింది.

డెబ్బయ్యో దశకం మొదట్లో పట్నం నుంచి ఒకతను స్కూటర్ మీద వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. ఎవరిని వాకబు చేశాడో, నేరుగా అక్క దగ్గరికే వచ్చాడు. యాభై రూపాయలు కట్టి ఐదుగురిని చేర్పించాలి. ఆ ఐదుగురూ తలా ఐదుగురిని చేర్పిస్తే కొత్త కుట్టుమిషన్ ఇస్తారట.

"ఊకెనే మిషన్ ఎట్లిస్తరు?" అని అడిగింది అక్క.

"ఊకెనే కాదక్కా. మాకు దుకాణం కిరాయి లేదు, పేపర్ల ప్రకటన లేదు. మీరే మనుషులను దెస్తరు. మిగిలిందంత మీకే ఇస్తం," అన్నాడతను.

బావకు నచ్చలేదు. "మనం కట్టేదెంత, మిషన్ ధరెంత? నడుమ పైసలు ఎవరియి?" అన్నాడు. "నీకు అన్నిట్ల అనుమానమే," అని అక్క దాచుకున్న డబ్బు తీసి కట్టింది.

అక్క అడిగితే ఐదుగురు దొరకడం ఒక పూట పని. వాళ్లూ తలా ఐదుగురిని తేవడంతో కొద్దిరోజులకే రిక్షాలో మిషన్ దిగింది. అతను దానికి పూలదండ వేయించి, అక్కను పక్కన నిలబెట్టి ఫోటో తీయించాడు. గల్లీ అంతా చూసింది. మర్నాటి నుంచి మా గుమ్మం ముందు చెప్పులు విడవడానికి చోటు లేదు. నాచారం, మల్లాపూర్ నుంచి కూడా ఆడవాళ్లు వచ్చారు. మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనిచేసే ఒకామె కమ్మలు కుదువపెట్టి కట్టింది. అందరి డబ్బూ అక్క అతని చేతికే అందించింది. ఒక్క పైసా ముట్టలేదు.

తర్వాత మనుషులు దొరకడం ఆగిపోయింది. ఎవరిని కదిలించినా, "మేమే కట్టినం, మాకే మనుషులు దొరుకుతలేరు," అనేవారు. మేడిపల్లి దాకా వెళ్లి అడిగినా అదే జవాబు. అక్కకు వచ్చిన మిషన్ వెనక చేరినవాళ్ల డబ్బుతో వచ్చిందని అప్పటికిగాని మాకు తలకెక్కలేదు. బావ పట్నం వెళ్తే అతని ఆఫీసుకు తాళం వేసి ఉంది.

ఆ సాయంత్రం డబ్బు కట్టినవాళ్లంతా మా ఇంటి మీదికి వచ్చారు. ప్యాకింగ్ పనిచేసే ఆమె మాత్రం అరవలేదు. "నీ మొఖం జూసి కట్టిన అక్కా. వాణ్ణి నేనెన్నడు సూడలే," అంది.

అక్క మిషన్‌ను గడప దాటించి, "ఇదొక్కటే ఉన్నది, తీస్కపో," అంది. ఆమె చెయ్యి వేసేలోపు మరొకామె అడ్డం పడింది. ఇంకొందరు చక్రం పట్టి గుంజారు. చివరికి దాన్ని అమ్మి పంచుకున్నారు. ఎవరి బాధా తీరలేదు.

బావ అక్కను ఠాణాకు తీసుకెళ్లాడు. అక్కడి జమేదారు అంతా విని, "మిషన్ తీస్కున్నది నువ్వే, మందిని జేర్పిచ్చింది నువ్వే. కేసు రాస్తే ముందుగాల నీ పేరే రాయాలె. సప్పుడు జేయక ఇంటికి పో," అన్నాడు.

తర్వాత ఎవరూ తిట్టలేదు. జాకెట్లు ఇవ్వడం మానేశారు, అంతే. పక్కింటి పెళ్లికి పందిరి తాళ్లు మా గోడకే కట్టారు గానీ, లోపలికి వచ్చి బొట్టు పెట్టి పిలవలేదు. అక్క ఆ రోజంతా తలుపు వేసుకుని బియ్యం ఏరింది.

కొన్నేళ్లకు మేమిద్దరం మేడిపల్లిలో బస్సు దిగితే, రోడ్డు పక్కన షామియానా కనిపించింది. ప్లాట్లు అమ్ముతున్నారు. మైకు ముందు ఆ స్కూటర్ అతనే. కాస్త ఒళ్లు చేశాడు. అక్క జనంలోకి దూరిపోయింది.

"వీని చేతుల పైసలు పెట్టకుండ్రి. మమ్ముల ముంచింది వీడే," అంది.

అతను ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు. "పాపం, ఆ అమ్మకు జర మంచినీళ్లు ఇయ్యిండ్రి," అని పక్కవాడికి చెప్పాడు.

ముందు వరుసలో మా గల్లీ ఆమె ఒకతి కూర్చుని ఉంది. అక్క వైపు తిరిగి, "నీ మాట ఇని ఒక్కసారి మునిగినం. మల్ల జెప్పనీకొచ్చినవా?" అంది.

నేను అక్క చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. మా వెనక మైకులో, బయానా కట్టేవాళ్లను వరుసలో నిలబడమంటున్నారు.