ఫ్లాస్కు మూత తీసిన ఆసామి

భీమవరం దగ్గర రొయ్యల జబ్బుల మీద పనిచేసే ఒక ల్యాబులో నేను పోస్ట్‌డాక్‌గా ఉండేదాన్ని. అంటే పిహెచ్‌డీ అయినా చదువు పూర్తికాని, జీతం వస్తున్నా ఉద్యోగం మొదలుకాని మనిషిని. ఏడాదికోసారి పైవాళ్లు దయ తలిస్తే కాంట్రాక్టు పొడిగిస్తారు. మా అమ్మ నన్ను సైంటిస్టని చెప్పుకునేది. చుట్టాలు మాత్రం "ఇంకా పర్మినెంటు కాలేదా?" అని జాలిపడేవారు.

ఆ ఏడాది నా పొడిగింపంతా ఒక చిన్న ఫ్లాస్కు మీద ఆధారపడింది. రొయ్య ఒంట్లోంచి తీసిన కణాలు బయట బతకడం మహా కష్టం. బతికితే వాటిలో వైరస్‌ని పెంచి జబ్బు సంగతి తేల్చుకోవచ్చు. నా ఫ్లాస్కులోవి బతికాయి. పండగల్లేవు, ఆదివారాల్లేవు, పసిబిడ్డకి పాలు పట్టినట్టు వాటిని సాకాను. పొడిగింపు సంగతి తేల్చే సమీక్ష కమిటీ వచ్చేదాకా అవి బతికుంటే నేనూ బతికినట్టే.

ఈలోగా మా ల్యాబు హెడ్డు సారు ఒక పెద్ద చెరువుల ఆసామిని తీసుకొచ్చారు. ల్యాబుకి మైక్రోస్కోపు కొనిపెట్టింది ఆయనే. నేను చేతులకి స్పిరిట్ రాసుకుని గానీ అడుగుపెట్టని గదిలోకి ఆయన చెరువు గట్టు మీదికి వచ్చినట్టు వచ్చేశారు. వెనకాలే ఫోటోగ్రాఫరు. సారు ఫ్లాస్కు తీసి ఆయన చేతిలో పెట్టారు.

మా వైపు రొయ్యల రైతులకి ఒక అలవాటుంది. మేత బస్తా అయినా, చెరువు అడుగు మట్టి అయినా ముందు వాసన చూస్తారు. ఈయనా అంతే. మూత తిప్పి తీసి, ఫ్లాస్కుని ముక్కుకి ఆనించుకున్నారు.

"అయ్యో, మూత తీయకూడదండీ!" అని అరిచాను. సరిగ్గా అప్పుడే ఫ్లాష్ మెరిసింది.

"నీచు వాసనే లేదేంటండీ? నిజంగా రొయ్యవేనా?" అన్నారాయన.

"తమరి అనుభవం అలాంటిదండీ, ఇట్టే పట్టేశారు," అన్నారు సారు, నా వైపు గుడ్లురుముతూ.

రెండో రోజుకల్లా క్రిములు చేరి, ఫ్లాస్కులో కణాలు పెరిగే ద్రవం మజ్జిగలా అయిపోయింది. కణాలన్నీ పోయాయి. నేను బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చాను. సారు ఆ ఫోటోకి ఫ్రేము కట్టించి మీటింగు హాల్లో తగిలించారు.

కమిటీ ఆ ఫోటో కిందే కూర్చుంది.

"కణాలు ఎలా పాడయ్యాయమ్మా?" అని అడిగారు అధ్యక్షత వహించిన పెద్దాయన.

నేను నోరు తెరిచేలోపే, "శుభ్రత విషయంలో మా అమ్మాయి కాస్త అజాగ్రత్తండి," అన్నారు సారు, ఎంతో బాధపడుతూ.

నాకు ఒళ్లు మండిపోయింది. గోడ మీద ఫోటోకేసి వేలు చూపించాను. మూత ఒక చేతిలో, ఫ్లాస్కు ముక్కు దగ్గర, ఆసామి. పక్కన చేతులు కట్టుకుని నవ్వుతూ సారు. అంచున నోరు తెరిచి అరుస్తున్న నేను. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

పెద్దాయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"ఫోటో చాలా బాగా వచ్చిందండీ," అన్నారు సారుతో. "మనం కూడా ఒకటి దిగుదామా?"

అందరూ వరసగా నిలబడ్డారు. తీయమని ఫోను నా చేతికిచ్చారు. నా కాంట్రాక్టు ఆ నెలతో సరి.