మా గడప దాటిపోయిన పిలుపు

మా చిన్నప్పుడు... రోహిణి ఎండలు కాస్త తగ్గుతున్నాయనగా, కేతేపల్లి పక్కన మా నేతోళ్ల వాడలో పొద్దున్నే రామచంద్రం పెద్దనాయన గొంతు వినిపించేది.

"ఇంటికో మనిషీ... ఇంటికో పది పెంకలూ..."

వానలు పడకముందే, చేసుకోలేని వాళ్ల ఇల్లు ఏదో ఒకటి చూసి, వాడంతా కలిసి గూన పెంకల కప్పు విప్పి మళ్లీ సర్దేవాళ్లు. కూలీ లేదు, ఏమీ లేదు. ఆ రోజులే వేరు!

ఆ ఏడు మంత్రసాని యెల్లవ్వ ఇల్లు. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. వాడలో సగం మందికి బొడ్డు కోసింది ఆమే. మా బాపుకూ ఆమే, నాకూ ఆమే.

పెద్దనాయన మా పక్కింటి లచ్చయ్య మామ గుమ్మం ముందు ఆగి పిలిచాడు. మా గుమ్మం దగ్గరికి వచ్చేసరికి... తల దించుకుని నడిచి వెళ్లిపోయాడు. అవతలి ఇంటి ముందు మళ్లీ గొంతెత్తాడు.

అరుగు మీద కూర్చున్న బాపు చేతిలో బీడీ అట్లాగే ఆరిపోయింది.

సంగతేమిటంటే, అంతకుముందు ఏడు సంతకు చీరలు తీసుకుపోతూ బండి మీద నుంచి పడి బాపు కాలు విరిగింది. మగ్గం తొక్కలేడు, కర్ర లేకుండా నడవలేడు. ఆ వానాకాలం మా వెనక గోడ కూలితే వాడవాళ్లే కట్టిపెట్టారు. అంటే మాది ఇప్పుడు సాయం తీసుకునే ఇల్లయింది. 'పాపం, వాళ్లకెందుకు శ్రమ' అని వదిలేశారు. మంచి మనసుతోనే... కానీ ఆ జాలి బాపును కాల్చేసింది.

మా అరుగు మీది నుంచి యెల్లవ్వ ఇంటి కొప్పు, అంటే కప్పు రెండు వాలులూ కలిసే నడినెత్తి, బాగా కనిపించేది. కొప్పు మీద కూర్చుని చివరి పెంకలు పెట్టడం ఏటా బాపు పని. ఆ రోజు అక్కడ లచ్చయ్య మామ కూర్చున్నాడు. మామ అంటే మా మేనత్త మొగుడు.

"సూడు, సూడు... వంకర పెడ్తుండు. గది కొప్పా, కోతి తోకా?" బాపు పళ్లు నూరాడు.

"పొద్దటి సంది గాయన మీదనే ఉన్నయి నీ కండ్లు. జర పళ్లెం దిక్కు సూడు, అన్నం చల్లారింది" అంది అమ్మ.

నా కుళ్లు నాది. నా దోస్తు సత్తిగాడు వరసలో నిలబడి పెంకలందిస్తున్నాడు. నిచ్చెన రెండో మెట్టెక్కి మరీ నాకు చేయి ఊపాడు. ఆ చేయి విరిగిపోతే బాగుండు అనుకున్నాను... నిజం చెప్తున్నాను, ఈ వయసులో దాపరికమెందుకు!

మధ్యాహ్నం బాపు మెల్లగా అన్నాడు. "నన్ను లెక్కలకెల్లి తీసేసిన్రే."

అమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. "ఎవరు తీసేసిన్రు? నువ్వే తీసేసుకున్నవ్. బొడ్డు గోసిన అవ్వ ఇంటికి పోనీకి నీకు పిలుపు గావాల్నా? లెవ్వు!"

బాపు లేచాడు. ఒక పక్క కర్ర, ఒక పక్క అమ్మ. అమ్మ నెత్తి మీద గంపలో మా ఇంటి పది పెంకలు. వెనకాల నేను. మమ్మల్ని చూసి పెద్దనాయన ఎదురొచ్చాడు.

"నీకెందుకు తమ్మీ గీ తిప్పలు? పోయి కూసోరాదు" అన్నాడు పెద్దనాయన.

"కూసునుడే గదనే నాకు చాతనైంది? కూసొని చేసే పని ఇయ్యి!"

పెద్దనాయన బుర్ర గోక్కున్నాడు. బాపు ఆగలేదు. పెంకల కుప్ప పక్కన చతికిలబడి, ఒకటి తీసి వేలి కణుపుతో కొట్టాడు. ఖంగుమంది. మంచిది. ఇంకోటి కొట్టాడు... మొద్దుగా మోగింది. కంటికి కనిపించని నెర్రె! పదింట్లో మూడు అట్లాంటివే. ఏటా పైకి ఎక్కించే ముందు బాపే ఇట్లా కొట్టి చూసేవాడట. ఆ ఏడు ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

అందరూ ఒక్కసారి కప్పు దిక్కు చూశారు.

"బావా! పొద్దటి సంది పెట్టినవన్నీ ఒక్కొక్కటి కిందికియ్యి" అన్నాడు బాపు.

లచ్చయ్య మామ కొప్పు మీద నుంచే దండం పెట్టాడు. "కింద కూసొని గూడ నన్ను సతాయిస్తవా బామ్మర్దీ!"

వాడంతా నవ్వులే నవ్వులు... బాపు కొట్టి ఇచ్చిన పెంకలు నేను సత్తిగాడికి అందించాను. "ఒక్కటి నన్ను కొట్టనియ్యరా" అని వాడు బతిమాలాడు. ఇవ్వలేదు!

పొద్దుగూకేవేళ యెల్లవ్వ అందరికీ జొన్న గటక పెట్టింది. మొదటి ముద్ద బాపుకే. బాపుకు కళ్లనీళ్లు ఆగలేదు.

"పుట్టిన నాడు గూడ గిట్లనే మొత్తుకున్నవ్ రా. ఊకో, ఊకో" అంటూ యెల్లవ్వ కొంగుతో బాపు మొహం తుడిచింది.

పోయిన ఆదివారం మా కాలనీలో ఇస్త్రీ చేసే ఆమె గది రేకులు గాలికి లేచిపోతే పిల్లలంతా కలిసి వేసిపెట్టారు. మా పెద్దకొడుకే ముందు! చొక్కా నిండా సిమెంటు, మొహం నిండా చెమట. వాణ్ని చూసి సంతోషం పట్టలేకపోయాను... బాపు మనవడు గదా! నేనూ వెళ్లాను. "తాతా, మీరు కూర్చోండి" అని నీడలో కుర్చీ వేసి, చేతిలో చాయ్ పెట్టారు. మంచి పిల్లలు.

ఆ చాయ్ తాగుతూ, అంత సంతోషంలోనూ, కన్నకొడుకును చూసి ఎంత కుళ్లుకున్నానో! కానీ లేచి పని అడిగే ధైర్యం మాత్రం బాపులాగా నాకు రాలేదు.

మీ వాడల్లోనూ ఇట్లా ఇంటికో మనిషి కదిలేవారా? చెప్పండి, చదువుకుంటాను... మీ ఇంట్లో నాలాంటి ముసలివాళ్లుంటే, ఈసారి ఏదైనా ఒక చిన్న పని చెప్పి చూడండి. కాదనం.