కొట్టేసిన రెండు పేరాలు

పదో తరగతి చదివే ఆ అమ్మాయి ఉపన్యాసంలోంచి రెండు పేరాలు కొట్టేసింది నేనే. స్టాఫ్ రూమ్ తలుపు దగ్గరగా వేసుకుని, ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

జగ్గయ్యపేట దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో నేను సోషల్ చెబుతాను. ఆ ఏడాది నందిగామలో జరిగే వక్తృత్వ పోటీకి చీటీలు తీసి ఒక్కో బడికి ఒక్కో అంశం ఇచ్చారు. మాకు వచ్చింది ‘ఫిన్‌లాండ్‌లో హైస్కూలు చదువుల మీద ప్రభుత్వం పెట్టే ఖర్చు’. చీటీ చూసి స్టాఫంతా నవ్వారు. నాకు మాత్రం వెంటనే ఆ పిల్ల గుర్తొచ్చింది. తల్లి మిరప కోతలకు వెళ్తుంది, తండ్రి సున్నపురాయి క్వారీలో పని చేస్తాడు. ఆమె లేచి మాట్లాడితే అల్లరి క్లాసు కూడా ఊరుకుని వింటుంది.

రోజూ లాంగ్ బెల్ అయ్యాక నా ఫోన్లో దొరికినవన్నీ చదివి నోట్సు రాసుకునేది. మూడో రోజు అడిగింది.

“టీచర్, అక్కడ పిల్లలకి భోజనం పెడతారంట, పుస్తకాలు ఇస్తారంట. అవి మనకీ ఇస్తున్నారుగా. మరి తేడా ఎక్కడుందండీ?”

“నువ్వే వెతుకు” అన్నాను.

వెతికింది. అక్కడ జనం కట్టే పన్నుల్లోంచి బడికి డబ్బు ఎలా చేరుతుందో, ఎక్కడో మంచులో ఉన్న చిన్న ఊరి బడికీ రాజధానిలో బడికీ తేడా లేకుండా చూడాలని ఎంత తాపత్రయపడతారో చక్కగా రాసింది. దాని కింద మరో రెండు పేరాలు. మా బళ్లో సైన్సు ల్యాబుకి ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా తాళం పడింది. శ్లాబు కారుతుంది. ప్రయోగాలన్నీ బోర్డు మీద బొమ్మలు చూసి నేర్చుకుంటున్నాం. అదీ సారాంశం.

హెడ్మాస్టరు గారు చదివి కాగితం బల్ల మీద పెట్టారు.

“ఫిన్‌లాండ్ గురించి చెప్పమంటే మన గుట్టు చెప్తదేంటమ్మా? ముందు వరసలో పెద్దాఫీసరు కూర్చుంటారు. రేపు మెమో వచ్చేది నాకు. శ్లాబు గురించి నేను రాయలేదనుకుంటున్నారా? మూడుసార్లు రాసా.” కాగితం నా వైపు జరిపి, “మీ ట్రాన్స్‌ఫర్ ఫైలు కూడా ఆయన టేబుల్ మీదే ఉంది, చూసుకోండి” అన్నారు.

నా భర్త ఉద్యోగం విజయవాడలో. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు బస్సుల్లోనే గడిచేది. ఆ ఫైలు కదలాలని మూడేళ్లుగా ఎదురుచూస్తున్నాను. అందుకే కొట్టేశాను.

ఆ పిల్ల ఎర్ర గీతలు చూసి, “సరే టీచర్” అంది. ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

పోటీ రోజు ముగ్గురం బస్సెక్కాం. హెడ్మాస్టరు గారు ముందు సీట్లో, మేమిద్దరం వెనక. దారి పొడవునా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఏ మాటలు వల్లిస్తోందో ఇంజను మోతలో వినపడలేదు. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

హాలు నిండిపోయింది. ఆఫీసరు గారు ముందు వరసలోనే ఉన్నారు. ఆమె తడబడకుండా మొదలుపెట్టింది. మంచు ఊళ్ల బడుల్లో కూడా ల్యాబులు ఉంటాయన్న దాకా వచ్చి ఆగింది. ఆ పేరాలు ఉండాల్సిన చోటు సరిగ్గా అదే. హాలంతా వెతికి నన్ను చూసింది. తల దించుకున్నాను.

తర్వాత చివరి పేరా వినపడింది. చప్పట్లు కొట్టారు. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు ఆఫీసరు గారు మైకు అందుకున్నారు.

“బాగా చెప్పావమ్మా. మరి మీ బళ్లో ల్యాబు ఎట్లా ఉంది?”

ఆమె నా వైపు చెయ్యి చూపించింది. “మా టీచర్ గారిని అడగండి సార్. అదిగో, అక్కడున్నారు.”

హాలంతా వెనక్కి తిరిగింది. లేచాను.

“ఉందండీ” అన్నాను. ఆ అబద్ధం నా చెవులకే తేలిపోయింది. “ఉందండీ, కానీ రెండేళ్లుగా తాళం వేసుంది. శ్లాబు కారుతోంది. పిల్లలు ఒక్క ప్రయోగం కూడా చెయ్యలేదు.”

“పైకి రాయలేదా?”

“మా హెడ్మాస్టరు గారు మూడుసార్లు రాశారండీ.”

ఆఫీసరు గారి ముఖంలో ఏమీ కనపడలేదు. డైరీలో ఏదో రాసుకుని, “కూర్చోండి” అన్నారు.

మాకు బహుమతి రాలేదు. తిరుగు బస్సులో ఆ పిల్ల మెల్లగా అంది: “అవి చెప్పేద్దామనే ఆగా టీచర్. మీరు తల దించుకున్నారు. మీకేమన్నా అవుద్దేమోనని మానేశా.”

కిటికీ వైపు తిరిగిపోయాను. పదిహేనేళ్ల పిల్ల నన్ను కాపాడింది. ఆమెను కాపాడాల్సింది నేను.

బస్సు దిగేటప్పుడు హెడ్మాస్టరు గారు, “మూడుసార్లు రాశానని చెప్పారు. అది చాలమ్మా” అన్నారు. నాతో మాట్లాడరేమో అనుకున్న మనిషి.

నెల తిరక్కుండా ఇంజనీరు వచ్చి కొలతలు తీసుకెళ్లాడు. శ్లాబు బాగుపడేసరికి మరో వానాకాలం వచ్చింది. ల్యాబు సామాను సగమే వచ్చింది. నా ట్రాన్స్‌ఫర్ మాత్రం ఆ ఏడు రాలేదు. ఆ రోజు లేచి మాట్లాడినందుకో, ఊరికేనో, ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఇప్పటికీ అదే బస్సు ఎక్కుతున్నాను.

ఆ అమ్మాయి నందిగామలో ఇంటర్ చేరింది. మొదటి ప్రాక్టికల్స్ రోజు ఫోన్ చేసింది.

“టీచర్, ఇవాళ నా చేత్తో బ్యూరెట్ పట్టుకున్నా. కంగారులో సగం యాసిడ్ కింద పోసేశా.”

“మేడమ్ ఏమన్నారు?”

“మళ్లీ చెయ్యమన్నారండీ. మళ్లీ చేశా.”