పగ తీర్చుకున్న శుక్రవారం

మా చర్చిలో ఒక అక్క మీద పగ తీర్చుకోవడానికి నేను ఏడాదికి పైగా ఆగాను. ఆగడమంటే ఊరికే కూర్చోవడం కాదు. ప్రతి శుక్రవారం మల్కాజ్‌గిరిలో రైలెక్కి, రెజిమెంటల్ బజార్ సందులో ఉన్న మా చర్చికి ఉపవాస ప్రార్థనకి వెళ్ళి, ఆమె పక్కనే కూర్చుని, వందనాలు చెప్పి, నవ్వి, ప్రార్థన అయ్యాక ఆమె పోసిచ్చిన టీ తాగుతూ ఆగాను.

ఆమె చేసిందేమిటో చెబుతాను, న్యాయం మీరే చెప్పండి. మా ఆయన తాగుతాడు. ఇరవై ఏళ్ళు బతిమాలాక చర్చికి రావడం మొదలుపెట్టాడు. వెనక, గుమ్మం పక్క కుర్చీలో కూర్చునేవాడు. నాకు అదే పండగ. ఆయన తాగుడు మానాలి, నా పక్కన మోకాళ్ళూని ఒక్కసారైనా ప్రార్థన చేయాలి. నా బతుక్కి అంతకు మించిన కోరిక లేదు. ఒకరోజు చర్చి మెట్ల మీద ఆ అక్క "ఏందమ్మా, పరేషాన్‌గ కనిపిస్తున్నవ్?" అని అడిగేసరికి కడుపులో ఉన్నదంతా కక్కేశాను.

"నీకొక్కదానికే చెప్తున్న అక్కా. మా ఆయన ఇంకా తాగుతనే ఉన్నడు" అన్నాను.

ఆ వచ్చే ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు అడిగారు. ఆమె లేచింది. "మల్కాజ్‌గిరి నుంచి వచ్చే మన సహోదరి భర్త కోసం భారంతోని ప్రార్థన చెయ్యాలె. తాగుడు బంధకాల్ల ఉన్నడు" అంది. పేరు చెప్పలేదు, మహా మర్యాద. మల్కాజ్‌గిరి నుంచి వచ్చే దంపతులం మేమిద్దరమే. అందరి తలలూ వెనక్కి తిరిగాయి. ఆయన లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. మా దగ్గర ఎవరి గుట్టయినా రట్టు చేయడానికి చాడీలు చెప్పక్కర్లేదు, ఒక ప్రార్థన మనవి ఇస్తే చాలు.

నిన్నూ ఇదే చోట, ఇలాగే నిలబెట్టకపోతే చూడు అని ఆ రోజే అనుకున్నాను. క్షమించేశానని మాత్రం పదిమందికీ చెప్పాను. ఒకసారి పాస్టరుగారు హృదయ కాఠిన్యం గురించి గంటసేపు చెప్పారు. గుండె గట్టిపడ్డ మనిషికి అది గట్టిపడిందని తెలియదట, అందులో ఉన్న ప్రమాదమే అదట. ఆ గంటసేపూ నేను ఆ అక్క మొహమే చూస్తున్నాను, తగులుతోందా లేదా అని.

చివరికి ఆమే నా చేతికి చిక్కింది. ప్రార్థన అయ్యాక నన్ను పక్కకి తీసుకెళ్ళి, చేతులు పట్టుకుని ఏడ్చింది. పెళ్ళయి ఏడాది తిరగని కూతురు అత్తింటి నుంచి వచ్చేసిందట. అల్లుడు కొడతాడట. రాంగోపాల్‌పేట్‌లో ఇంటి చుట్టుపక్కల వాళ్ళకి నాలుగు రోజులు ఉండి పోడానికి వచ్చిందని అబద్ధం చెప్పారట.

"నువ్వయితే అర్థం చేసుకుంటవ్. నీ తక్లీఫ్ సుత నాకు చెప్పుకున్నవ్ గదా. ఎవ్వరికీ చెప్పకు" అంది.

నాకు చేసిన దాని గురించి ఆమెకి గుర్తు కూడా లేదు. నా కొంప ముంచి, నా కోసం ప్రార్థన చేయించాననే సంతోషంలో ఉంది. ఒళ్ళు మండిపోయింది. "చెప్పను అక్కా" అన్నాను.

తర్వాతి శుక్రవారం ఆమె కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ పిల్ల తల మీద చున్నీ కప్పుకుని, గోడకి ఆనుకుని, ఎవరి వంకా చూడకుండా కూర్చుంది. ఆ పిల్ల నాకేం చేసింది? ఏమీ చేయలేదు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు. ఒకరి తర్వాత ఒకరు పైకి ప్రార్థన చేస్తూ వస్తుంటే నా వంతు వచ్చింది. కళ్ళు మూసుకున్నాను. "ప్రభువా, భర్త చేత దెబ్బలు తిని, పుట్టింట్లో దాక్కున్న ఈ చిన్న సహోదరిని, సిగ్గుతో అబద్ధాలాడుతున్న ఈ తల్లిని నీ పాదాల దగ్గర పెడుతున్నాం" అని మొదలుపెట్టాను. గొంతు ఎంత బాగా వణికిందో. చుట్టూ స్తోత్రాలు, ఏడుపులు. కళ్ళు తెరిచేసరికి ఆ పిల్ల గుమ్మం దాటుతోంది. తల్లి నా వైపు ఒక్క చూపు చూసి ఆ వెనకే పోయింది. నాకు హాయిగా ఉంది. అబద్ధమెందుకు, ఆ రోజు ఉపవాసం విడిచాక పెట్టే ఉప్మా రెండుసార్లు పెట్టించుకుని తిన్నాను.

వాళ్ళు మళ్ళీ రాలేదు. పాస్టరమ్మగారు నన్ను పిలిచి, "నీ ప్రార్థనలో భారం ఉందమ్మా, వింటే గుండె కరుగుతుంది, ఇకనుంచి శుక్రవారం కూడిక నువ్వే నడిపించు" అన్నారు. నడిపిస్తూనే ఉన్నాను.

పోయిన నెల మా ఆయన్ని డాక్టరు గట్టిగా హెచ్చరించాడు. ఆ సాయంత్రం ఆయన టీవీ ఆపేసి, వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "జెర నా కోసం ప్రార్థన చెయ్. నా ఒక్కనితోని అయితలేదు" అన్నాడు. స్టవ్ ఆపి వచ్చాను. నేను ఇన్నేళ్ళు అడిగింది ఇదే. ఆయన నా పక్కన మోకాళ్ళూని, నా చెయ్యి పట్టుకున్నాడు.

కళ్ళు మూసుకుని నోరు తెరిచాను. "ప్రభువా, తాగుడు బంధకాల్లో ఉన్న ఈ సహోదరుణ్ణి నీ పాదాల దగ్గర పెడుతున్నాం" అని వచ్చింది. అదే గొంతు, అదే వణుకు. కట్టుకున్నవాణ్ణి సహోదరుడంటున్నానని తెలుస్తూనే ఉంది. ఆపి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ అదే వచ్చింది. లోపల వెతికితే చేతికేమీ తగల్లేదు.

ఆయన చెయ్యి వదిలేశాడు. "గిది మీటింగుల చెప్పేదే గదా" అన్నాడు, కోపంగా కూడా కాదు. "నా కోసం చెయ్యమన్న."

నేను కళ్ళు తెరవలేదు. ఇంకో మాట వస్తుందేమోనని చూశాను. కళ్ళు తెరిచేసరికి ఆయన చొక్కా తొడుక్కుని బయటికి వెళ్తున్నాడు. ఎక్కడికని నేను అడగలేదు. నాకు తెలుసు.