ఓడ దిగినాయన కొడుకు

శుక్రవారం ఉదయం ఎనిమిదీ ఇరవైకి ఎదురు ఫ్లాట్ ఆవిడ మా తలుపు తట్టి, ప్రింటర్ ఉందా అని అడిగింది. మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో ఆ బిల్డింగ్‌లోకి వచ్చి చాలా కాలమైనా, లిఫ్ట్ దగ్గర నవ్వుకోవడం తప్ప ఆవిడతో మాకు మాటల్లేవు. అమెరికా ఆవిడ. ఇక్కడొక కాలేజీలో ఇంగ్లిష్ చెప్పేది. ప్రింట్ తీయాల్సింది వాళ్ళ వంశవృక్షం. మా ఆవిడ కాగితం తీసి ఇవ్వబోతూ చదివింది. చదివాక ఇవ్వలేదు. కూర్చోమని చెప్పి కాఫీ పెట్టింది.

మా ఆవిడ ఇక్కడి ఇండియన్ స్కూల్లో చరిత్ర చెప్పేది. ఆ ఏడాదే కేన్సర్ అని తెలిసి మానేసింది. ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆమెకి చేతకాని పని.

ఎదురింటావిడ కోరిక పెద్దదేమీ కాదు. అమెరికా ఇంకా ఇంగ్లండ్ చేతిలో ఉన్న రోజుల్లో వాళ్ళ మొదటి పూర్వీకుడు ఓడెక్కి వెళ్ళాడట. రైతు అని ఇంట్లో చెప్పుకునేవారు. ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు. వేసవిలో ఉద్యోగం ముగించి ఇంటికి వెళుతూ, దారిలో ఇంగ్లండ్‌లో దిగి ఆ ఊరు చూడాలని ఆవిడ ఆశ. తను కనిపెడతానని మా ఆవిడ మాటిచ్చేసింది. తరవాత వంటింట్లో నాతో అంది:

“ఆవిడ ప్రయాణంలోపు తేల్చాలండీ. నాకు మాత్రం ఎంత టైముంది?”

నేను పాలు పొంగుతాయేమో చూస్తున్నట్టు నిలబడ్డాను.

అప్పటినుంచి ప్రతి శుక్రవారం మా భోజనాల బల్ల ఆఫీసైపోయింది. ఎదురింటావిడ కింద కెఫెటేరియా నుంచి కరక్ చాయ్ తెచ్చేది. పాత చర్చి రికార్డులు, వీలునామాలు, భూమి దస్తావేజులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వాటిలో చేతిరాతని పెద్దది చేసి చదవడం మా ఆవిడకి సరదా. పూర్వీకుడి పేరు మా ఇద్దరికీ నోరు తిరగక “ఓడ దిగినాయన” అనుకునేవాళ్ళం. నా పని చట్నీ రుబ్బడం, లాప్‌టాప్ వేడెక్కితే టేబుల్ ఫ్యాన్ అటు తిప్పడం.

తాత నుంచి ముత్తాతకి, ఆయన తండ్రికి, అలా పైకి చకచకా వెళ్ళారు. ఒకచోట ఆగిపోయారు. అక్కడ ఒకే పేరుతో ఇద్దరున్నారు. ఒకాయన, అంటే ఓడ దిగినాయన, పొలం కొన్నాడు. చాలా ఏళ్ళకి అదే పేరున్న ఇంకొకాయన ఆ పొలం అమ్మాడు. మా ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తాతా మనవళ్ళని రాసి, ఇద్దరి మధ్యా ఒక ఖాళీ గడి గీసింది. ఆ గడిలోకి రావలసిన తండ్రికి “మధ్యాయన” అని పేరు పెట్టింది.

నాకూ అనుమానం రాలేదు. మా వైపు తాత పేరే మనవడికి పెడతారు. మా అబ్బాయికి మా నాన్న పేరే పెట్టాం. మామగారి పేరు నోటితో అనడం ఇష్టంలేక మా ఆవిడ వాణ్ణి పుట్టినప్పటినుంచీ “అబ్బాయ్” అనే పిలిచింది.

ఆ చలికాలమంతా మధ్యాయన కోసమే పోయింది. బాప్టిజం లేదు, పెళ్ళి లేదు, సమాధి లేదు. ఆ పేరుతో ఓడ దిగిన కుర్రాడొకడు దొరికాడు గానీ, ఆ లెక్కన తాతయ్యేంత వయసు లేదని మా ఆవిడ పక్కన పెట్టేసింది. ఆస్పత్రిలో మందు ఎక్కిస్తుండగా కూడా ఫోన్లో వెతికేది. జబ్బు గురించి అడిగినవాళ్ళకి మధ్యాయన గురించి చెప్పేది.

“బొత్తిగా బాధ్యత లేని మనిషండీ,” అంది ఒకసారి. “కొడుకుని కని, ఒక్క కాగితమ్మీద సంతకం పెట్టకుండా పోయాడు.”

ఇంతలో ఎదురింటావిడ తమ్ముడు, అతని కొడుకు మస్కట్ చూడ్డానికి వచ్చారు. మా ఇంటికి భోజనానికి పిలిచాం. గుత్తివంకాయ చూసి తమ్ముడు ముందు భయపడ్డాడు, తరవాత రెండోసారి వడ్డించుకున్నాడు. ఎదురింటావిడ మంచినీళ్ళ సీసా అందుకోమని తమ్ముణ్ణి పేరు పెట్టి పిలిచింది. తండ్రీ కొడుకూ ఇద్దరూ తలెత్తారు.

మా ఆవిడ గరిటె పట్టుకునే ఆగిపోయింది. ఇద్దరిదీ ఒకటే పేరా అని అడిగింది. మా నాన్నదీ అదే అన్నాడు తమ్ముడు.

“తండ్రి బతికుండగానే కొడుక్కి ఆయన పేరు పెడతారా?”

“బతికుండగానే పెట్టాలి కదా. పోయాక ఆయన చూడలేడు.”

మా ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి కుర్చీలో కూర్చుంది. ముందు ఎదురింటావిడ వైపు, తరవాత నా వైపు చూసింది.

“ఏవండీ, మనం ఇన్నాళ్ళూ వెతికినాయన అసలు పుట్టనేలేదండీ.”

కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. రాజులు అలా పెట్టుకుంటారని తెలుసు గానీ, రైతులు కూడానా అంది. మరి మీరెందుకు చెప్పలేదని ఎదురింటావిడని నిలదీసింది. ఆ ఖాళీ గడికి మా ఆవిడ దగ్గర ఏదో ఆధారం ఉందనుకుందట. చరిత్ర టీచర్ కదా, అడిగితే బాగుండదని ఊరుకుంది.

ఆ సాయంత్రమే గడి కొట్టేశారు. పొలం కొన్నాయన కొడుకే పొలం అమ్మాడు. ఒక తరం తగ్గేసరికి, పక్కన పెట్టిన కుర్రాడి వయసు సరిపోయింది. ఓడ కాగితాల్లో అతని ఊరి పేరుంది. ఆ ఊరి చర్చి పుస్తకంలో అతని బాప్టిజం కూడా దొరికింది.

వేసవిలో ఎదురింటావిడ ఫ్లాట్ ఖాళీ చేసి వెళ్ళింది. వారం తరవాత ఆ చర్చి ముందు నిలబడి వీడియో కాల్ చేసింది. అప్పటికి మా ఆవిడ మంచం దిగడం లేదు. చర్చి తలుపు, గడ్డి, గోడకవతల ఆవులు చూపించింది ఆవిడ. ఏడుస్తోంది.

“ఆవులు బాగున్నాయి,” అంది మా ఆవిడ. ఫోన్ పెట్టేశాక, ఇంకెవరికైనా వంశం కావాలేమో కనుక్కోమంది నన్ను. నెల తిరక్కుండా పోయింది.

పన్నెండో రోజు కార్యం ఫ్లాట్‌లోనే జరిగింది. పురోహితుడు రాజమండ్రి నుంచి వీడియోలో చెబుతుంటే అబ్బాయి చేశాడు. పోయినావిడని అత్తగారి వరసలో కలపాలి, ముగ్గురి పేర్లు కావాలన్నాడాయన. మా అమ్మ పేరు చెప్పాను, నాయనమ్మ పేరు చెప్పాను. నాయనమ్మకి అత్తగారి పేరు నాకు తెలియదు. అబ్బాయి నా వంక చూశాడు.

“పర్లేదండి, గోత్రం చెప్పి కానిద్దాం,” అన్నాడు పురోహితుడు.

మా ఆవిడ ఒప్పుకునేది కాదు. మా ఊరు పెద్దాపురంలో ఏ ముసలావిడకో ఫోన్ చేసి, సాయంత్రానికల్లా పేరు రాబట్టేది. మేం గోత్రం చెప్పి కానిచ్చాం. మా ఇంట్లో ఇప్పుడెవరూ పాతవాళ్ళ పేర్లు వెతకరు.